దొమితిలా ప్రార్థనలో ఇంటి గుర్తులు

లా పాల్మితలో బుధవారం సాయంత్రం నాలుగయిందంటే జనం కుర్చీలు సువార్త సంఘం ఎదుటి పార్కులోకి తెచ్చుకుంటారు. చేతిలో కాఫీ కప్పు, ఒళ్ళో చెంతా అమ్మే జున్ను రొట్టె. ఆ సంఘం కప్పు మీదున్న రెండు లౌడ్ స్పీకర్లు ఎప్పుడు గరగరమంటాయా అని చెవులు అటు పడేసి కూచుంటారు. భక్తి అనుకునేరు! మా ఊళ్ళో సగం మంది కతోలిక్కులు. మిగిలిన సగంలో సగం మంది ఏ గుడి గడపా తొక్కనివాళ్ళు. వాళ్ళు వినేది వాక్యం కాదు, దొమితిలా ప్రార్థన.

దొమితిలాకి అరవై నాలుగేళ్ళు. స్త్రీల కూడికలో ముందు బెంచీ మనిషి. మంచిది కూడా. ఎవరింట్లో జ్వరమొచ్చినా కోడిపులుసు గిన్నె పట్టుకుని ముందు వెళ్ళేది తనే. ఆ జ్వరం సంగతి ఊరందరికీ ముందు చెప్పేదీ తనే. నోట్లో నువ్వుగింజ నానదు. అలాగని ఆమెని చాడీలమనిషి అన్నారో, మీ పని అయిపోయినట్టే.

"నేనా? చాడీలా? నా నోట ఎప్పుడైనా ఒకరి మాట వచ్చిందా? నేను చేసేది ప్రార్థన!" అని నడుం మీద చెయ్యేసుకుని నిలదీస్తుంది. పోనీ నాటకమా అంటే కాదు, మనస్ఫూర్తిగా అలాగే నమ్మేది. వచ్చిన చిక్కల్లా అదే.

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. ప్రార్థన మనవి ఉన్న ఆడమనిషి మైకు దగ్గరికొచ్చి, కళ్ళు మూసుకుని, ఎవరికోసమో పేరు పెట్టి ప్రార్థించాలి. మిగతావాళ్ళు ఒక్క ముక్కలో కానిచ్చేవారు. "ప్రభువా, మా మరిది మోకాలు బాగుచెయ్యి, ఆమెన్." దొమితిలాకి అది బొత్తిగా నచ్చేది కాదు. "మోకాళ్ళ నొప్పి మరుదులు ఊళ్ళో ఎంతమంది లేరు? గుర్తులు సరిగ్గా చెప్పకపోతే ఆ స్వస్థత కాస్తా పక్కింటికి పోదూ?" అనేది. అందుకని ఆమె ప్రార్థనలో అన్నీ ఉండేవి. వీధి, తలుపు రంగు, వాకిట్లో చెట్టు, ఆ ఇంట్లో జరిగింది, జరగబోయేది.

"పరలోకమందున్న తండ్రీ, బావి వీధిలో ఒంటి రెక్క గేటు ఇల్లుంది చూడు. ఆ ఇంటాయన మంగళవారం పనికని చెప్పి కోడిపందేలకి వెళ్ళాడు ప్రభువా. ఎర్రపుంజు మీద కాశాడు, అది పారిపోయింది. ఈ సంగతి భార్యకి తెలిస్తే ఆవిడ గుండె ఆగిపోతుంది. ఇక నువ్వే చూసుకో."

ఆమెన్ అనేలోపే బావి వీధిలో పళ్ళెం పగిలిన చప్పుడు ఊరంతా వినిపించింది. లౌడ్ స్పీకర్లు పెట్టింది పాత పాస్టరుగారు, పాపుల చెవుల్లో సువార్త పడాలని. పాపులు ఇంత శ్రద్ధగా వింటారని ఆయన కలలో కూడా అనుకుని ఉండడు.

ఇక ఓదిలియా సంగతి. దొమితిలాకి ప్రాణస్నేహితురాలు. ఓదిలియా పెద్దకూతురికి పేరు పెట్టింది దొమితిలాయే. అప్పట్నుంచి ఇద్దరూ వదినా వదినా అని పిలుచుకుంటారు. నలభై ఏళ్ళుగా ముందు బెంచీలో పక్కపక్కనే కూచున్నారు, ఇద్దరి మధ్యా ఒక విసనకర్ర. ఓదిలియా తక్కువ మాట్లాడుతుంది, ఇస్త్రీ మడత నలగనివ్వదు, ఎవరి దగ్గరా తలవంచదు. ఆమెకి ఒకే ఒక రహస్యం ఉంది. చదవడం రాదు. చిన్నప్పుడు బడికి బదులు పొగాకు తోటకి పంపారు. నలభై ఏళ్ళుగా పాటల పుస్తకం చేత్తో పట్టుకుని, పాటలన్నీ కంఠతా పాడుతూ నెట్టుకొచ్చింది. వాక్యం చదివే వంతు వస్తే, "కళ్ళు మసకలమ్మా, కనపడి చావవు" అనేది. ఈ సంగతి తెలిసింది ఒక్క దొమితిలాకే. నమ్మరేమో గానీ, నలభై ఏళ్ళు అది ఆమె నోట్లోనే ఉంది.

ఫిబ్రవరిలో రాజధాని నుంచి కంటి డాక్టర్లు వచ్చి బడిలో అందరికీ ఉచితంగా కళ్ళజోళ్ళు పంచి వెళ్ళారు. ఓదిలియా ముక్కు మీద కూడా ఒకటి పెట్టారు. పాస్టరు ఎలియాజరు అది చూసి పొంగిపోయి, "సిస్టర్ ఓదిలియా, దేవుడికి స్తోత్రం! ఈ ఆదివారం వాక్యం మీరే చదవాలి" అన్నాడు. ఓదిలియా మొహం పాలిపోయింది. బుధవారం కూడికకి ముందు దొమితిలా చెయ్యి పట్టుకుని, "నాకోసం ప్రార్థించవే వదినా. దారేం తోచట్లేదు" అంది.

ప్రార్థించమన్నాక దొమితిలా ఊరుకుంటుందా? సరాసరి మైకు దగ్గరికి వెళ్ళింది.

"తండ్రీ, నారింజచెట్టు వాకిలి, గులాబీరంగు గోడ, మా ఓదిలియా వదిన. నీకు తెలుసుగా, దానికి ఒక్క అక్షరం ముక్క రాదు. కళ్ళు కనపడవని నలభై ఏళ్ళుగా వీళ్ళందర్నీ నమ్మించుకొచ్చింది. పుస్తకం తలకిందులుగా పట్టుకుంటే నేనే ఎన్నోసార్లు తిప్పి పెట్టాను. ఇప్పుడేమో ఈ కళ్ళజోడు వచ్చి పడింది ప్రభువా. ఆదివారం చదవమంటున్నారు. నువ్వే ఎలాగో గట్టెక్కించు. ఈ సంగతి మటుకు ఎవ్వరికీ తెలియనివ్వకు. ఆమెన్."

కళ్ళు తెరిచేసరికి కూడికలో ఒక్కరూ ఆమెన్ అనలేదు. ఓదిలియా లేచి నిలబడింది. కళ్ళజోడు తీసి డబ్బీలో పెట్టింది. పాటల పుస్తకం మూసి బెంచీ మీద పెట్టి, మధ్యదారిన నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయింది.

"వదినా, ఎక్కడికే? ఇంకా పాట ఉందిగా!" అంది దొమితిలా. ఆ మాట కూడా మైకులోనే అంది.

*

"ప్రార్థించమన్నది తనే కదా పాస్టరుగారూ! నేను కాదంటే పాపం కాదూ?"

ఎలియాజరుకి ఇరవై తొమ్మిదేళ్ళు. బక్కపలచటి మనిషి. సాతానుకి భయపడడు గానీ దొమితిలాకి భయపడతాడు. ఆరోజు మాత్రం మాట వణకనివ్వలేదు. "మూడు నెలలు క్రమశిక్షణ సిస్టర్ దొమితిలా. వెనక బెంచీ. మైకు ముట్టుకోకూడదు. ప్రభువు బల్లలో రొట్టెకీ రసానికీ చెయ్యి చాపకూడదు. ముందు ఆమెతో సమాధానపడండి."

"ఈ వయసులో నాకు వెనక బెంచీయా?"

"అక్కడ గాలి బాగా వస్తుంది సిస్టర్" అన్నాడు పాపం, ఇంకేమనాలో తెలియక.

సమాధానపడడం ఎంతసేపు అనుకుంది దొమితిలా. మర్నాడే రొట్టె మూట కట్టుకుని ఓదిలియా గేటు దగ్గర నిలబడింది. గేటు తియ్యలేదు. లోపల ఉందో లేదో అని గొంతు పెంచింది. "వదినా! నీకు చదువు రాదని ఊరంతా చాటింది నేనేనే! తప్పయిపోయింది! పొగాకు తోట సంగతి కూడా చెప్పాననుకుంటున్నావేమో, అది చెప్పలేదే! మీ నాన్న బడి పుస్తకం అమ్ముకుని తాగాడని కూడా చెప్పలేదు!"

ఎదురింట్లో చెవిటి ముసలాయన కూడా బయటికి వచ్చి విన్నాడు. ఓదిలియా ఇంటి కిటికీ రెక్క ధడాలున పడింది.

ఇంటికెళ్ళి దొమితిలా అలవాటు కొద్దీ రెండు కప్పుల కాఫీ కలిపింది. రోజూ ఆ వేళకి ఓదిలియా వచ్చేది. రెండో కప్పు ఎవరికని చూసుకునేసరికి ఏడుపు ముంచుకొచ్చింది. ఏడ్చింది, ముక్కు చీదింది, రెండు కప్పులూ తనే తాగింది. అయినా తప్పు ఎక్కడ చేసిందో ఆమెకి అప్పటికీ బోధపడలేదు. దేవుడితో నిజం చెప్పడం తప్పెలా అవుతుంది?

బోధపరిచింది చెంతా. జున్ను రొట్టెలమ్మే చెంతా కూడా ఆ సంఘపు మనిషే, దొమితిలా కన్నా పదేళ్ళు చిన్నది. మైకు ఖాళీ అయ్యేసరికి ఎగిరి గంతేసి పట్టుకుంది. మూడో బుధవారం కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. "ప్రభువా, ఒక సహోదరి కోసం ప్రార్థిస్తున్నాను. పేరు చెప్పను. వెనక బెంచీ, పచ్చగౌను, ఎడం చెవికి కమ్మ లేదు. నిన్న మధ్యాహ్నం కోళ్ళకి వాక్యం చెప్తూ కనపడింది తండ్రీ. ఆవిడ బుర్ర చెదరకుండా కాపాడు."

దొమితిలా చెయ్యి దానంతటదే ఎడం చెవి మీదకి పోయింది. బయట పార్కులో జనం పగలబడి నవ్వుతున్నారు. కోళ్ళతో మాట్లాడిన మాట నిజమే. ఒక్క మాట కూడా అబద్ధం లేదు. మరి ఒళ్ళంతా ఎందుకలా మండిపోయింది? సిగ్గుతో తలెత్తలేక, మోకాళ్ళ మీదున్న తన చేతుల వంక చూసుకుంటూ కూచుంది. ఓదిలియా ఆరోజు మధ్యదారిన ఎలా నడిచి వెళ్ళిందో అప్పుడు తెలిసింది.

ఏప్రిల్ నెలాఖరుకి పాస్టరే స్వయంగా ఓదిలియా ఇంటికి వెళ్ళి బతిమాలాడు. మే మొదటి ఆదివారం ప్రభువు బల్ల, తిరిగి రమ్మన్నాడు. ఓదిలియా ఇస్త్రీ పెట్టె ఆపకుండా జవాబిచ్చింది. "నోరు కట్టేసిన మనిషి మాట్లాడలేదంటే గొప్పేముంది పాస్టరుగారూ? ఆవిడ చేతికి మైకు ఇవ్వండి. నా సంగతి ఒక్కటి కూడా బయటికి రాకుండా ఆమెన్ అనగలిగితే, ఆ ఆదివారం వస్తా. వచ్చిందా, ఇక ఆ గడప తొక్కను. ఆవిడ మొహం కూడా చూడను."

ఆ మాట పాస్టరు దొమితిలాకి చేరవేశాడు. ఆఖరి బుధవారం మైకు ఆమెదే.

"ఓస్, అంతేనా!" అంది దొమితిలా. ఓదిలియా గురించి చెప్పడానికి కొత్త సంగతులేం ఉన్నాయి కనక? ఉన్న ఒక్కటీ ఎప్పుడో చెప్పేసిందాయె.

*

ఆ ధీమా శుక్రవారం దాకానే నిలిచింది. శుక్రవారం చెంతా రొట్టెల బుట్టతో వచ్చి, గుమ్మంలోనే గుసగుసలాడింది. "విన్నావా అక్కా? ఓదిలియా రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి, ఊరంతా ఉయ్యాలల్లో కునుకు తీస్తుంటే, దోన్ చెపె సెలూన్లోకి వెనక తలుపున దూరుతోంది! నెల్లాళ్ళయింది. జుట్టు అంగుళం కూడా తగ్గలేదు. మరి లోపలేం చేస్తున్నట్టు?"

చెపె, ఊరంతా 'దోన్' అని గౌరవంగా పిలిచే మంగలి, భార్య పోయిన మగాడు. పైగా కతోలిక్కు. పైగా మీసం దువ్వుకుంటాడు.  "అబద్ధం! మా వదిన అలాంటిది కాదు" అంది దొమితిలా పైకి. లోపల మాత్రం ఏదో గిలగిలా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

శనివారం ఒంటిగంటకి ఆమె సెలూను వెనక సందులో ఉంది. నేను సమర్థించను. ఆమె మటుకు నిజం తెలుసుకుంటే చెంతా నోరు మూయించవచ్చు కదా అని సర్దిచెప్పుకుంది. కిటికీ ఎత్తుగా ఉంది. పక్కన టమాటాల చెక్కపెట్టె ఉంటే బోర్లించి పైకెక్కింది.

లోపల ఓదిలియా క్షవరం కుర్చీలో కూచుంది, మెడచుట్టూ తెల్ల తువ్వాలు, ముక్కుమీద కళ్ళజోడు. చెపె గడ్డం గీసే సబ్బు నురగలో వేలు ముంచి అద్దం మీద ఏదో రాస్తున్నాడు. ఇంతింత అక్షరాలు!

"ఇది?"

"అ... అమ్మ. అమ్మ! ఇది నిన్ననే వచ్చిందిగా దోన్ చెపె. అమ్మ, బల్ల, పిల్లి, ఎన్నాళ్ళు ఇవే? నాకు ముందు తిట్లు నేర్పండి."

"తిట్లకీ ఇవే అక్షరాలు దోన్యా ఓదిలియా."

"ఆవిడతో మాట్లాడనని ఒట్టేసుకున్నా. మాట్లాడకుండా తిట్టాలంటే రాయాలిగా! 'దొమితిలా, నీ నోటికి తలుపు లేదు' అని మొదలుపెట్టాలి. ఆ తర్వాతది నాలుగు పేజీలు ఉంది, అంతా బుర్రలో సిద్ధంగా ఉంది. 'తలుపు' రాయడం చూపించండి."

దొమితిలాకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చేసరికి కాలు జరిగింది. పెట్టె ఫెళ్ళున విరిగింది. కింద పడుతూ కిటికీ చువ్వ పట్టుకుని వేలాడుతున్న ఆ క్షణంలో, అద్దం మీది నురగ అక్షరాల సందుల్లోంచి ఓదిలియా కళ్ళు ఆమె కళ్ళని పట్టుకున్నాయి. ఓదిలియా ఏమీ అనలేదు. ఒట్టు కదా. కళ్ళజోడు తీసి డబ్బీలో పెట్టుకుంది. ఆరోజు కూడికలో పెట్టినట్టే.

*

శనివారం నుంచి బుధవారం దాకా ఆ నాలుగు రోజులు దొమితిలా పడ్డ అవస్థ పగవాళ్ళకి కూడా వద్దు. అంత గొప్ప సంగతి ఆమెకి జన్మలో దొరకలేదు. సబ్బు నురగ! తిట్ల కోసం చదువు! కడుపు ఉబ్బిపోయింది. కోళ్ళకి చెబుదామని పెరట్లోకి వెళ్తే గోడ అవతల చెంతా తల కనిపించింది. చివరికి నోటి నిండా నీళ్ళు పోసుకుని తిరగడం మొదలుపెట్టింది. ఎవరైనా "దేవుడు దీవించుగాక సిస్టర్" అంటే బుగ్గలు పూరించి తలూపేది. పంటి నొప్పేమోనని పాస్టరు లవంగాలు పంపాడు.

ఆ నీళ్ళు మింగినప్పుడల్లా ఒక ఆలోచన కూడా గొంతులోకి దిగేది. చెబితే తప్పేంటి? ఊరంతా ఓదిలియా గురించి పాడుమాట అనుకుంటోంది. వెళ్ళింది చదువుకోడానికని చెబితే ఆ మచ్చ పోతుంది కదా? ఇది చాడీ కాదు, సాక్ష్యం! ఇలా అనుకోగానే కడుపు తేలికపడేది. మళ్ళీ వెంటనే వెనక బెంచీ, చెంతా గొంతు, తన ఎడం చెవి గుర్తొచ్చేవి.

బుధవారం మూడున్నరకే పార్కులో కుర్చీకి చోటు లేదు. చెంతా రెండింతల రొట్టెలు చేసింది. పక్క ఊరి నుంచి కూడా కొందరు బస్సు దిగారు. చెపె సెలూను గుమ్మంలో, సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలో వదిలేసి, కత్తి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అతని మొహం కూడా పాలిపోయి ఉంది.

పాస్టరు మైకు అందిస్తుంటే వెనక నుంచి చెంతా చెవిలో ఊదింది. "కిటికీలోంచి అంతా చూశావటగా, చెప్పెయ్ అక్కా. నిజం చెప్పి పాపం ఆవిడ పరువు నిలబెట్టు. ఇంకెవరున్నారు ఆవిడకి?"

దొమితిలా కళ్ళు మూసుకుంది. మూడు నెలల తర్వాత మైకు చేతిలోకి రాగానే నోరు దాని దారిన అది బయల్దేరింది.

"పరలోకమందున్న తండ్రీ, పార్కుకి దక్షిణం పక్క, నీలం తలుపు, చారల కర్ర ఉన్న సెలూను చూడు..."

పార్కులో కాఫీ కప్పులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఎంత నిశ్శబ్దమంటే, లౌడ్ స్పీకర్లోంచి వెళ్ళిన ఆమె గొంతు ఎదుటి కొండకి తగిలి తిరిగొచ్చింది. "...సెలూను చూడు... చూడు..." ఇన్నేళ్ళలో తన గొంతు అలా బయటి నుంచి వినడం ఆమెకి అదే మొదలు. అది ప్రార్థన చేస్తున్న మనిషి గొంతులా లేదు. అచ్చం చెంతా గొంతులా ఉంది.

నారింజచెట్టు కింద ఓదిలియా ఇస్త్రీ పెట్టె పట్టుకుని ఈ మాటే వింటూ ఉంటుంది. ఆ తర్వాతి మాట కోసం చూస్తూ ఉంటుంది.

"ఆ సెలూనులో..." అంది దొమితిలా. నోటి నిండా ఊరిన మాటలన్నీ కలిపి గుటక వేసింది. ఆ గుటక చప్పుడు కూడా ఊరంతా వినిపించింది. "ఆ సెలూనుని దీవించు తండ్రీ. మా వదినని దీవించు. మిగతాదంతా నీకు తెలుసు. నేను చెప్పాలా ఏంటి? ఆమెన్."

అంతే. మైకు పాస్టరు చేతిలో పెట్టి వెళ్ళి వెనక బెంచీ మీద కూలబడింది. 

బయట జనం ఇంకా చూస్తూనే ఉన్నారు. కరెంటు పోయిందనుకున్నారు. ఎవరో లేచి వెళ్ళి స్తంభం మీద ఫ్యూజు కూడా చూశారు. "ఇంతేనా? దీనికా మేం బస్సెక్కి వచ్చింది?" అని పక్కూరి వాళ్ళు గొడవకి దిగారు. అందరికన్నా ముందు "ఆమెన్!" అని గట్టిగా అరిచింది ఎవరనుకున్నారు? కతోలిక్కు చెపె. అరిచి, లోపలికెళ్ళి, మిగిలిన సగం గడ్డం గీశాడు.

*

ఆదివారం క్రమశిక్షణ తీరిపోయింది కాబట్టి దొమితిలా ముందు బెంచీలో కూచోవచ్చు. కూచోలేదు. వెనక బెంచీ నుంచయితే గుమ్మం కనపడుతుంది. మొదటి పాట అయింది, ఓదిలియా రాలేదు. రెండో పాట అయింది, రాలేదు. పాస్టరు రొట్టె మీది తెల్లగుడ్డ మడత విప్పుతున్నాడు. ఎక్కడో ఏదో జారి ఉంటుంది, గుటక చప్పుడు కూడా చెప్పినట్టే లెక్క కట్టి ఉంటుంది అనుకుని దొమితిలా చేతిరుమాలు తీసింది.

అప్పుడు బెంచీ పక్కన ఇస్త్రీ మడత నలగని నల్ల పావడా ఒకటి ఆగింది. ఓదిలియా. మొహంలో నవ్వు లేదు. నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒళ్ళో పడేసింది.

కోడిపెట్టలంత అక్షరాలు. ఒకటి కొండెక్కుతోంది, ఒకటి లోయలో పడుతోంది. నాలుగు పేజీల తిట్లు అన్నది కాస్తా నాలుగు వరుసలే ఉంది.

*దొమితిలా,*
*నీ నోటికి తలుపు లేదనుకున్నా.*
*ఉంది.*
*జరుగు.*

దొమితిలా కళ్ళలో నీళ్ళు బొటబొటా రాలాయి. "చూశారా, మా వదిన రాసిం..." అని గొంతెత్తబోయింది. ఓదిలియా మోచేత్తో డొక్కలో ఒక్కటి పొడిచింది. దొమితిలా నోరు మూసుకుని పక్కకి జరిగింది.

మూడో పాట మొదలైంది. ఓదిలియా కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం తెరిచింది. ఈసారి తలకిందులుగా లేదు. కంఠతా వచ్చిన పాటే, అయినా అలా పాడలేదు. ఒక్కో మాట కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, చదివి పాడింది. సంఘమంతా రెండో చరణంలో ఉంటే ఆమె మొదటి చరణం మూడో వరుసలో ఉంది. దొమితిలా కూడా ఆమె వేలితోపాటే ఆగుతూ, ఆమె వేలితోపాటే కదులుతూ పాడింది. అందరి పాటా అయిపోయింది. పియానో ఆగిపోయింది. పాస్టరు రొట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వెనక బెంచీలో రెండు ముసలి గొంతులు మాత్రం ఇంకా రెండు చరణాలు, ఒక్క మాట కూడా వదలకుండా పాడాయి. లౌడ్ స్పీకర్లోంచి ఊరంతా వింది.

కూడిక అయ్యాక గుమ్మంలో చెంతా రొట్టెల బుట్టతో కాపు కాసింది. "అక్కా, మీరిద్దరూ ఎందుకంత వెనకబడ్డారు? ఆవిడ అలా వేలు పెట్టి... అదేంటక్కా? నీకు తెలుసుగా, చెప్పవూ?"

దొమితిలా ఓదిలియా వంక చూసింది. తర్వాత చెంతా బుట్టలో చెయ్యి పెట్టి అన్నిట్లోకీ పెద్ద జున్ను రొట్టె తీసి, మొత్తం ఒకేసారి నోట్లో కుక్కుకుంది. బుగ్గలు రెండూ ఉబ్బిపోయాయి.

"సబ్బు నురగతో నేర్చుకున్నానే చెంతా, చదువు" అంది ఓదిలియా తనే. "రా వదినా, కాఫీ చల్లారిపోతుంది."